సైకిల్‌ను ఆటో ఢీకొట్టింది, రాజీ కాగితంపై సంతకం పెట్టాను: పరిహారం అడగవచ్చా?

న్యాయ సలహా: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నా వయసు 42 ఏళ్లు. తాపీ పని చేస్తాను. నాలుగు నెలల క్రితం సాయంత్రం పని ముగించుకుని సైకిల్‌పై ఇంటికి వస్తుంటే వెనుక నుంచి సరుకుల ఆటో ఢీకొట్టింది. కుడి మణికట్టు విరగడంతో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆసుపత్రిలో ఉండగానే ఆటో యజమాని రూ.20,000 ఇచ్చి, ఇకపై ఏ కేసూ పెట్టనని స్టాంపు కాగితంపై సంతకం చేయించుకున్నాడు. అందుకే పోలీసులకు ఫిర్యాదు చేయలేదు. ఇప్పుడు చేయి సరిగా తిరగడం లేదు, తాపీ పట్టుకుంటే పట్టు నిలవడం లేదు. సదరం సర్టిఫికెట్‌లో 20 శాతం వైకల్యం అని రాశారు. సైకిల్‌కు లైటు లేదు కనుక తప్పు నాదేనని యజమాని అంటున్నాడు. నాకు పరిహారం వచ్చే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, తణుకు

సమాధానం: ఉంది. అయితే మీ చేతిలో ఉన్న సమయం తక్కువ కాబట్టి ముందు గడువు సంగతి చెబుతాను. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పరిహారానికి దరఖాస్తు చేయడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువు ఉంది. 2019లో సవరించిన ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో దరఖాస్తులను తోసిపుచ్చవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చిన మాట నిజమే కానీ, తుది తీర్పు ఎలా ఉంటుందో తెలియని ఉత్తర్వును నమ్ముకుని కూర్చోవడం మంచిది కాదు. మీకు ఇంకా రెండు నెలలు ఉన్నాయి కనుక ఈ వారంలోనే పని మొదలుపెట్టండి.

మొదట చేయవలసింది పోలీసు ఫిర్యాదు. నాలుగు నెలలు ఆలస్యమైందని వెనుకాడవద్దు. ఆలస్యానికి నమ్మదగిన కారణం చూపితే, ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో పరిహారం నిరాకరించరాదని 2011లో రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆసుపత్రిలో ఉన్నారు, రాజీ పేరుతో మిమ్మల్ని ఆపారు. ఈ రెండు కారణాలనూ ఫిర్యాదులోనే రాయండి. మిమ్మల్ని చేర్చుకున్నప్పుడు ఆసుపత్రివారు మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలపాల్సిన గాయం కేసుగా, నమోదు చేసి ఉంటే ఆ రిజిస్టరులో తేదీ, సమయం, గాయం ఎలా అయిందన్న వివరం ఉంటాయి. దాని నకలు తీసుకోండి. అది మీకు అన్నిటికంటే బలమైన కాగితం అవుతుంది. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) ప్రకారం జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపవచ్చు. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

కేసు నమోదయ్యాక పోలీసులు 48 గంటల్లో తొలి నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు, అంటే మోటారు ప్రమాదాల పరిహారాన్ని తేల్చే న్యాయస్థానానికి, పంపాలని 2022 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ నివేదికనే ట్రిబ్యునల్ పరిహార దరఖాస్తుగా స్వీకరించవచ్చు. అయినా, దాని మీద ఆధారపడకుండా మీ దరఖాస్తును మీరు విడిగా వేసుకోవడమే క్షేమం.

ఇక రాజీ కాగితం. ట్రిబ్యునల్ ముందు జరగని, బీమా కంపెనీకి సంబంధం లేని అలాంటి ఒప్పందం మీ హక్కును దానంతట అదే తుడిచిపెట్టదు. మంచం మీద, నొప్పిలో, గాయం చివరికి ఎంత నష్టం మిగులుస్తుందో వైద్యుడికే తేలని రోజుల్లో పెట్టిన సంతకం అది. అయితే అందుకున్న రూ.20,000 సంగతి దాచవద్దు. దరఖాస్తులో మీరే చెప్పండి. ఆ మొత్తాన్ని పరిహారంలో మినహాయించవచ్చు, అంతకు మించి నష్టం లేదు. దాచిన విషయం ఎదుటి వకీలు బయటపెడితే మాత్రం మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం సడలుతుంది.

లైటు లేదన్న వాదనకు కొంత బలం ఉంది కానీ యజమాని అనుకున్నంత లేదు. అప్పటికి చీకటి పడిందా, అక్కడ వీధి దీపాలు ఉన్నాయా, లైటు లేకపోవడమే ఢీకొనడానికి కారణమైందా అన్నవి చూస్తారు. మీ వైపు కొంత నిర్లక్ష్యం ఉందని తేలినా పరిహారంలో ఆ మేరకు కోత పడుతుందే గానీ దరఖాస్తు మొత్తం వీగిపోదు. పైగా ట్రిబ్యునల్‌లో క్రిమినల్ కేసులో లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయవలసిన అవసరం లేదు. ఏ కథనం ఎక్కువ సంభావ్యమో చూస్తారు. ఆటో వెనుక నుంచి వచ్చి కొట్టింది కనుక, సైకిల్ వెనుక చక్రం, మడ్‌గార్డు వంగిన తీరు మీ తరఫున మాట్లాడుతుంది. సైకిల్‌ను ఇంకా బాగు చేయించకపోతే ఫొటోలు తీసి, అలాగే ఉంచండి.

అసలు విషయం పరిహారం లెక్క. ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు. వైకల్య శాతం వేరు, సంపాదన కోల్పోయిన శాతం వేరు అని 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు వివరించింది. కుడి మణికట్టు తిరగకపోతే ఒక గుమాస్తాకు కొంత ఇబ్బంది కలుగుతుంది. గోడకు సిమెంటు కొట్టి, పరంజా మీద నిలబడి బద్దతో చదును చేసే మేస్త్రీకి బతుకుతెరువే పోతుంది. అందువల్ల సదరం కాగితం ఒక్కటే చూపించి ఊరుకోవద్దు. మీకు ఆపరేషన్ చేసిన డాక్టరును సాక్షిగా పిలిపించి, ఈ చేత్తో తాపీ పని ఎంతవరకు సాధ్యమో ఆయన నోట చెప్పించాలి.

ఉదాహరణకు మీ ఆదాయాన్ని ట్రిబ్యునల్ నెలకు రూ.15,000గా ఒప్పుకుందనుకుందాం. 40 నుంచి 50 ఏళ్ల మధ్య వయసున్న స్వయం ఉపాధివారికి భవిష్యత్తులో పెరగగల ఆదాయం కింద 25 శాతం కలపాలని 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు చెబుతోంది. గాయాల కేసులకూ ఇది వర్తిస్తుందని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో తేల్చారు. అప్పుడు నెలకు రూ.18,750, ఏడాదికి రూ.2,25,000 అవుతుంది. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 41–45 ఏళ్లవారికి గుణకం (వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని గుణించే అంకె) 14. దాంతో గుణిస్తే రూ.31,50,000. సంపాదన నష్టం 20 శాతం అంటే రూ.6,30,000 వస్తుంది; అదే 35 శాతమని రుజువైతే రూ.11,02,500 వస్తుంది. డాక్టరు సాక్ష్యంతో ఇంత తేడా పడుతుంది. ఆసుపత్రి ఖర్చులు, పనికి వెళ్లలేని రోజుల కూలి, బాధకు పరిహారం, మళ్లీ ప్లేటు తీయించాల్సి వస్తే దాని ఖర్చు, వీటిపై వడ్డీ అన్నీ దీనికి అదనం.

జీతం చీటీ లేని మీలాంటివారు ఆదాయాన్ని చూపడం కష్టమే. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉంటే తీయండి. వారం వారం బట్వాడా ఇచ్చిన కాంట్రాక్టరు పుస్తకంలోని పేజీలు, ఫోన్‌పేలో పడిన కూలి డబ్బుల వివరాలు, పక్కన పని చేసిన మరో మేస్త్రీ సాక్ష్యం కూడా పనికొస్తాయి.

ఒక హెచ్చరిక తప్పక చెప్పాలి. ఎవరి తప్పో రుజువు చేయనక్కరలేకుండా, తీవ్ర గాయానికి రూ.2,50,000 ఇచ్చే 164వ సెక్షన్ కూడా ఉంది. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే కనుక అది మీకు వర్తిస్తుంది. అయితే బీమా కంపెనీ ఆ సెక్షన్ కింద ఇవ్వజూపిన సొమ్మును అంగీకరిస్తే 166 కింద వేసిన దరఖాస్తు అంతటితో ముగిసిపోతుంది. తప్పు రుజువయ్యే అవకాశం బొత్తిగా లేనివారికి అది పెద్ద ఆసరాయే. మీ పరిస్థితి అది కాదు. అందుకని పై లెక్క వేసుకోకుండా దానికి తల ఊపవద్దు. లోక్ అదాలత్‌లో రాజీ పడినా అంతే, ఆ అవార్డుపై అప్పీలు ఉండదు.

దరఖాస్తును మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. ఆటో యజమానినీ, డ్రైవరునూ, బీమా కంపెనీనీ ప్రతివాదులుగా చేర్చాలి. బీమా వివరాలు ఎం-పరివాహన్ యాప్‌లో ఆటో నంబరు కొట్టినా తెలుస్తాయి. వకీలు ఫీజు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. వికలాంగులు ఉచిత న్యాయ సహాయానికి అర్హుల జాబితాలో ఉన్నారు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ట్యూషన్ నుంచి సైకిల్‌పై వస్తుంటే ఏదో కారు కొట్టి వెళ్లిపోయింది. కాలు విరిగింది. కారు ఆచూకీ దొరకలేదు. ఎవరిని అడగాలి?
– ఒక తల్లి, నిజామాబాద్

సమాధానం: అమ్మా, వాహనం దొరకకపోయినా మీరు అడగడానికి చోటు ఉంది. ఢీకొట్టి పారిపోయిన కేసుల్లో తీవ్ర గాయానికి రూ.50,000 ఇచ్చే కేంద్ర పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. అంతకుముందు ఈ మొత్తం రూ.12,500 మాత్రమే. ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి కాగితాలు జతచేసి రెవెన్యూ డివిజన్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. మంజూరు అధికారం కలెక్టరుది. అమ్మాయి మైనరు కనుక మీరు సంతకం చేయవచ్చు. విరిగిన కాలికి ఈ సొమ్ము చాలదని నాకూ తెలుసు. అందుకే దారిలోని దుకాణాల సీసీ కెమెరాల దృశ్యాలు చెరిగిపోకముందే సేకరించమని పోలీసులకు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. తర్వాత కారు దొరికితే ట్రిబ్యునల్‌లో పూర్తి పరిహారం కోరవచ్చు. అప్పుడు ఈ రూ.50,000ను అందులోంచి తిరిగి సర్దుబాటు చేస్తారు.