ఊరిన నూనె, తీసిన తైలం

సందేహం: ఎండబెట్టిన గులాబీ రేకుల్ని మూడు వారాలు నూనెలో ఉంచి, వడగట్టి చిన్న సీసాల్లో పోశాను. సీసా మీద ‘సుగంధ తైలం’ అని రాసి మా చెల్లికిస్తే, “అది ఎసెన్షియల్ ఆయిల్‌కి తెలుగు మాట, నువ్వు చేసింది అది కాదు” అంది. నెట్‌లో చూస్తే ఎసెన్షియల్ ఆయిల్‌ని, అంటే మొక్కల నుంచి తీసే గాఢమైన వాసన నూనెని, ‘ముఖ్యమైన నూనె’ అంటున్నారు. పోనీ ‘సుగంధ నూనె’ అందామంటే అది తప్పు సమాసమని ఇంకెవరో రాశారు. ఇంతకీ సీసా మీద ఏం రాయాలి? రేకుల్ని నూనెలో ‘నానబెట్టాను’ అనడం సరేనా?

సమాధానం: మీరు చివర అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తేలితే మిగతా చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

నానడం వేరు, ఊరడం వేరు. బకెట్లో బట్టలు నానతాయి. గింజలు రాత్రంతా నాని తెల్లారేసరికి ఉబ్బుతాయి. ద్రవం వస్తువులోకి వెళ్తుంది, వస్తువు మెత్తబడుతుంది, మనకి కావలసింది కూడా ఆ వస్తువే. ఊరడంలో లోపలున్నది బయటికి వస్తుంది. బావిలో నీళ్లు ఊరతాయి, చెలమ ఊరుతుంది, నోరూరుతుంది. మీ సీసాలో జరిగింది ఈ రెండోదే. రేకుల్లోని వాసన నూనెలోకి దిగింది. చివరికి మీరు రేకుల్ని పిండి పారేసి నూనెను దాచుకున్నారు. కాబట్టి ‘నూనెలో ఊరబెట్టాను’ అనండి. ‘నానబెట్టాను’ అన్నా ఎవరికైనా అర్థమవుతుంది, వాడుకలోనూ ఉంది. కానీ ‘ఊర’ అన్న మాటలో జరిగిన పని కనిపిస్తుంది. ఇన్ఫ్యూజ్డ్ ఆయిల్ అన్నదానికి కొత్త మాట పుట్టించాలని తంటాలు పడుతుంటారు. ‘ఊరబెట్టిన నూనె’ ఉండగా అంత శ్రమ ఎందుకో నాకు అర్థం కాదు.

ఇలాంటిదే ఇంకో జత ఉంది: వాడిన రేకు, ఎండిన రేకు. మీరు ‘ఎండబెట్టిన’ అని సరిగ్గానే రాశారు. చాలామంది ‘వాడిన పూలు’ అని రాసేస్తారు. వాడిన రేకు మెత్తగా వేలికి చుట్టుకుంటుంది, అందులో ఇంకా తడి ఉంటుంది. ఎండిన రేకుని నలిపితే గలగలమంటూ పొడి అవుతుంది. తడి రేకు నూనెలో పడితే బూజు పడుతుంది, నూనె పాడవుతుంది. చేసే విధానం రాసిపెట్టేటప్పుడు ఈ ఒక్క మాట మారితే చదివినవాళ్ల సీసా మొత్తం పాడవుతుంది.

ఇక ‘ముఖ్యమైన నూనె’. ఇది పూర్తిగా తప్పు. ఎసెన్షియల్ అన్న మాటకి ఇంగ్లిష్‌లో ‘అత్యవసరమైన’ అనే అర్థం ఉన్న మాట నిజమే. కానీ ఈ నూనె పేరులో అది ఎసెన్స్ నుంచి వచ్చింది. ఎసెన్స్ అంటే సారం. మొక్కలోని వాసనకి సారమైన నూనె అని దాని అర్థం. ‘ముఖ్యమైన నూనె’ అని చదివినవాళ్లు మిగతా నూనెలు ముఖ్యం కావేమో అనుకుంటారు తప్ప, వాసన సంగతి వాళ్లకి తట్టదు. ‘సారతైలం’ అంటే సరిపోతుంది. ‘సుగంధ తైలం’ అన్న మాట ఇప్పటికే ఈ అర్థంలో స్థిరపడింది కాబట్టి దానికీ నేను అభ్యంతరం చెప్పను. మీ చెల్లెలు చెప్పినదాంట్లో అంతవరకు న్యాయముంది.

ఈ తైలాన్ని ఊరబెట్టి తీయరు. చాలా వాటిని ఆవిరితో స్వేదనం చేసి తీస్తారు. స్వేదం అంటే చెమట. ఆవిరి పైకి లేచి, చల్లబడి, చెమటలా చుక్కలు కట్టడాన్ని ఎవరో శ్రద్ధగా చూసి పెట్టిన పేరిది, నాకు చాలా ఇష్టమైన పేరు. కిలో గులాబీ తైలం కావాలంటే వేల కిలోల రేకులు పడతాయి. మీ సీసాలో ఉన్నదానికీ దీనికీ తేడా చూడాలంటే తెల్ల కాగితం మీద రెండూ ఒక్కో చుక్క వేయండి. ఊరబెట్టిన నూనె చుక్క జిడ్డు మరకై, కాగితం అద్దంలా మారి అలాగే ఉండిపోతుంది. సారతైలం చుక్క చాలావరకు ఆవిరైపోతుంది. అసలు జిడ్డే లేనిదాన్ని తైలం అనడమే ఒక వింత.

ఎందుకంటే తైలం అంటే తిలల నుంచి వచ్చినది, నువ్వులది. మన నూనె కూడా అంతే: నువ్వు, నెయ్యి కలిసి నూనె అయింది. తమిళంలో ఎళ్, నెయ్ కలిసి ఎణ్ణెయ్ అయినట్టే. నెయ్యి అన్న మాటకి ఒకప్పుడు ఏ జిడ్డు పదార్థమైనా అనే అర్థం ఉండేది. రెండు మాటలూ నువ్వుల దగ్గర పుట్టి, తర్వాత అన్ని నూనెలకీ పాకాయి. కాబట్టి మీది తైలమూ అవుతుంది, నూనె కూడా అవుతుంది. అర్థంలో తేడా లేదు. వాడుకలో మాత్రం తైలం అంటే మందో, గాఢమైన సరుకో అన్న భావం వస్తుంది.

ఊరబెట్టిన నూనెకీ సారతైలానికీ ఉన్న తేడాని నేను పట్టుబట్టి చెప్పడానికి ఒక కారణముంది. మా దగ్గరి బంధువొకావిడకి ఇంట్లో ఊరబెట్టిన నూనెలు ఒంటికి రాసుకోవడం అలవాటు. ఎవరో ఇచ్చిన సీసా మీద ‘లవంగ తైలం’ అని మాత్రమే ఉంది. ఇదీ అలాంటిదే అనుకుని మెడకి నేరుగా రాసుకుంది. గంటలో చర్మం ఎర్రగా కందిపోయి మంట. అందరం టెన్షన్ పడ్డాం. అది గాఢమైన సారతైలం. మామూలు నూనెలో పలచన చేసి గానీ ఒంటికి రాయకూడదు. 30 మి.లీ. నూనెలో సుమారు 12 చుక్కలు వేస్తే రెండు శాతం అవుతుంది, చాలా తైలాలకి అదే చాలు. లవంగ తైలానికి అదీ ఎక్కువే, అర శాతం, అంటే సుమారు మూడు చుక్కలు మించకూడదు. సీసా మీద ఇంకో రెండు మాటలు రాసి ఉంటే ఆవిడకి ఆ బాధ తప్పేది. అలా పలచన చేయడానికి వాడే క్యారియర్ ఆయిల్‌ని కొందరు ‘వాహక నూనె’ అంటున్నారు. అది వింటే బండికి పోసే నూనె గుర్తొస్తుంది. ‘ఆధార నూనె’ నయం.

‘సుగంధ నూనె’ మీద వచ్చిన అభ్యంతరం వ్యాకరణం ప్రకారం సరైనదే. సంస్కృత పదాన్ని అలాగే తెచ్చి తెలుగు పదానికి అతికిస్తే పాతకాలం పండితులు ఒప్పుకోరు. ‘సుగంధపు నూనె’ అనండి, ఏ గొడవా లేదు. ‘సుగంధ తైలం’లో రెండూ సంస్కృతాలే కాబట్టి చిక్కే లేదు. మరి ‘సుగంధి’ సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. ‘మంచి వాసన కలది’ అన్న అర్థంలో సు, సురభి, పూతి, ఉత్ అనే మాటల తర్వాత ‘గంధ’ చివర ఇకారం వస్తుందని పాణిని సూత్రం. ఆ సూత్రాలకి చేర్పులు రాసిన వార్తికకారుడు దానికి ఒక షరతు పెట్టాడు. వాసన ఆ వస్తువులో విడదీయరాని భాగమైతేనే సుగంధి. పరిమళ ద్రవ్యాలు అమ్మే వర్తకుడు సుగంధి కాడు, ‘సుగంధుడు’ మాత్రమే. ఆ వాసన సరుకుది, మనిషిది కాదు. ఆ లెక్కన గులాబీ సుగంధి.  వాసన ఎక్కడినుంచి వచ్చిందన్నది మాట చివరి అచ్చులో చెప్పిన ఆ సూక్ష్మానికి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉంటాను.

పరిమళం అన్న మాట కూడా మీ పనికి దగ్గరిదే. సంస్కృత నిఘంటువు అమరకోశం ‘విమర్దోత్థే పరిమలో’ అంటుంది. నలపడం వల్ల పుట్టి మనసుకి హాయినిచ్చే వాసన పరిమళం. నూనెలో వేసే ముందు రేకుల్ని వేళ్లతో కాస్త నలిపితే గుప్పుమని వచ్చేది అచ్చంగా అదే. ఆ పక్కనే, దూరం వరకూ వ్యాపించే వాసనని ఆమోదం అన్నారు. ఈ రోజుల్లో ఆమోదం అంటే ఒప్పుకోలు తప్ప ఇంకోటి గుర్తు రాదు. కంపు పరిస్థితి ఇంకా అన్యాయం. పాత తెలుగులో మంచి వాసననీ కంపు అన్నారు, కన్నడంలో ఇప్పటికీ అది సువాసనే. మీ సీసా మీద మాత్రం ఆ మాట వేయకండి, చెల్లెలు మూత కూడా తీయదు.

ఫ్రాగ్రెన్స్ ఆయిల్ పేరుతో అమ్మేవి చాలావరకు రసాయనాలతో తయారుచేసిన వాసనలు. వాటిని నూనెలో కలిపితే ‘సెంటు కలిపిన నూనె’ అనడమే నిజాయితీ. దాన్ని అత్తరు అనకూడదు. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటకి పూలనుంచి స్వేదనం చేసి తీసినదన్న గౌరవం ఉంది.

మీ సీసా మీద ‘గులాబీ రేకులు ఊరబెట్టిన నూనె’ అని రాయండి. కింద చిన్న అక్షరాలతో ఏ నూనెలో ఊరబెట్టారో, ఏ రోజు వడగట్టారో చేర్చండి. అందంగా ఉండాలంటే పైన ‘గులాబి తావి’ అని పెట్టుకోవచ్చు. తావి అంటే సువాసన, అచ్చ తెలుగు మాట, ‘బంగారానికి తావి అబ్బినట్టు’ అనే సామెతలో తప్ప ఈమధ్య ఎక్కడా వినపడటం లేదు.