నక్షత్రాలు చిమ్మే గ్యాస్‌పై పరిశోధన: డిగ్రీలోనే ఏం మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ ఎంపీసీఎస్ రెండో ఏడాది. అప్పుడే పుట్టే నక్షత్రాలు చిమ్మే గ్యాస్ మీద పరిశోధన చేస్తానంటోంది. దారేది? ఉపాధి ఉంటుందా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: ముందు ఉపాధి సంగతి. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థికిచ్చే ఫెలోషిప్) కింద నెలకు రూ.37,000, రెండేళ్లయ్యాక రూ.42,000 వస్తుంది. పర్మనెంట్ పోస్టు మాత్రం పీహెచ్‌డీ అవగానే చేతికి రాదు, సాధారణంగా ఒకటి రెండు పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు) చేయాల్సి వస్తుంది. అప్పటికి వయసు ముప్పై దాటుతుంది. ఇంట్లో ఆ లెక్క ఇప్పుడే మాట్లాడుకోండి.

చదువులో అసలు మెట్టు ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్. ఫైనలియర్‌లో ఉండగా ఫిబ్రవరిలో రాయాలి, దరఖాస్తులు సెప్టెంబరు ప్రాంతంలోనే మొదలవుతాయి. ఎన్‌ఐటీ వరంగల్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ సీటు కూడా ఈ ర్యాంకుతోనే. సెమిస్టర్ పరీక్షల్లో డెరివేషన్ రాస్తే మార్కులు పడతాయి. జామ్‌లో 60 ప్రశ్నలకు 20 ఆప్షన్లు లేనివే, లెక్క కట్టి అంకె వేయాలి. మన పిల్లలు దెబ్బతినేది అక్కడే. ఎమ్మెస్సీ తర్వాత జెస్ట్, నెట్ లేదా గేట్ పరీక్షతో బెంగళూరు ఐఐఏ, అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ లాంటి పరిశోధన సంస్థలకు పీహెచ్‌డీకి వెళ్లొచ్చు.

ఈ పని తనకు నచ్చుతుందో లేదో ఈ సెలవుల్లోనే తేల్చుకోవచ్చు. చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపు డేటా మామూలుగా ఏడాది తర్వాత అందరికీ ఉచితం. ముడి డేటా జోలికి పోవద్దు, ల్యాప్‌టాప్ మోయలేదు. సిద్ధం చేసి పెట్టిన ఫిట్స్ క్యూబ్ (ఆకాశంలో ఒక్కో చోట ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఎంత సంకేతం ఉందో చెప్పే ఫైలు) ఒకటి దించుకుని పైథాన్‌లో ఖగోళ లెక్కల లైబ్రరీ ఆస్ట్రోపై‌తో తెరవాలి. నక్షత్రాలు పుట్టే మేఘంలో నిండా ఉన్న హైడ్రోజన్ ఆ చలిలో దాదాపు కనిపించదు, అందుకే కార్బన్ మోనాక్సైడ్ గీతను (ఆ అణువు ఒక నిర్దిష్ట ఫ్రీక్వెన్సీలో వెలువరించే సంకేతాన్ని) పట్టుకుంటారు. అలాంటి ఒక గీత 230.538 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. గ్యాస్ సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో మనకు దూరమైతే గీత 7.7 మెగాహెర్ట్జ్ కిందికి జరుగుతుంది. దగ్గరికొస్తే అంతే పైకి. ఆ రెండు వైపులనూ ఎరుపు, నీలంగా ఒకే పటం మీద వేస్తే నక్షత్రానికి అటూ ఇటూ రెండు తమ్మెలు (గ్యాస్ పాయలు) కనిపించాలి.

తప్పు జరిగేది ఎక్కువగా వేగం హద్దు (ఎంత వేగం దాటితే చిమ్మిన గ్యాస్‌గా లెక్కించాలన్నది) పెట్టేటప్పుడు. మేఘం సొంత వేగానికి మరీ దగ్గరగా పెడితే కదలని గ్యాస్ కూడా లెక్కలోకి వచ్చి చిమ్మిన గ్యాస్ ద్రవ్యరాశి ఉబ్బిపోతుంది. వాలు ఇంకో చిక్కు: ప్రవాహం మన చూపుకు 60 డిగ్రీల కోణంలో ఉంటే కనిపించే వేగం అసలులో సగమే.

హద్దు మార్చి మార్చి నాలుగుసార్లు పటం గీసినా విసుగు రాలేదంటే జామ్ పుస్తకాలు కొనిపెట్టండి. విసుగొస్తే నేర్చుకున్న పైథాన్ ఎటూ పోదు, డేటా ఉద్యోగాలకు పనికొస్తుంది.