దేవుని సమయం కోసం ఇంకా ఎన్నాళ్ళు ఆగాలి అక్కా?

"అక్కా, వందనాలు. మాది ఖమ్మం దగ్గర ఊరు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 18 వేలు. మా ఆయనకి 35 ఏళ్ళు. 2022 నుంచి గ్రూప్స్‌కి, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకి చదువుతున్నారు, ఎక్కువ కాలం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని. ఆ ఏడాది జనవరి ఒకటిన చర్చిలో ఏడాదికి వాగ్దానంగా ఇచ్చే వాక్యం కార్డు, బైబిల్లో యిర్మీయా 29:11 వచ్చింది, మా పాస్టర్ అయ్యగారు కూడా 'నువ్వు అధికారివి అవుతావు' అని ప్రవచనం చెప్పారు. ఆ రెండింటి మీదే ఉన్నారు. ఏదైనా ఉద్యోగం చూసుకోండి అంటే, 'యోబు భార్యలా మాట్లాడకు, దేవుని సమయం ఇంకా రాలేదు' అంటారు. అత్తయ్యదీ అదే మాట. నా గాజులు తాకట్టులో ఉన్నాయి. మళ్ళీ హైదరాబాద్ వెళ్తాను, అమ్మ ఇచ్చిన హారం కూడా పెడదాం అంటున్నారు. బాబుకి ఆరేళ్ళు. నేను అవిశ్వాసినా అక్కా? హారం ఇవ్వాలా?"

చెల్లీ, ముందు హారం సంగతి. ఇవ్వకు. గాజులు విడిపించకుండా హారం పెడితే రేపు బాబుకి జ్వరం వచ్చినా చేతిలో ఏమీ ఉండదు. ఇది విశ్వాసం లేక చెప్పే మాట కాదు, ఒక్క జీతం మీద బతుకుతున్న ఇంటి లెక్క.

ఇక యోబు భార్య మాట. అది చదివి నాకు బాధేసింది. బైబిల్లో ఆవిడ కష్టాల్లో ఉన్న భర్తతో "దేవుని దూషించి మరణము కమ్ము" అంది, నువ్వు ఏదైనా ఉద్యోగం చూసుకోండి అన్నావు. ఈ రెండూ ఒకటెలా అవుతాయి? పైగా ఆ మాట అన్నప్పటికి ఆవిడ కూడా పదిమంది పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి, మన సంఘాల్లో ఆమె పేరు తిట్టులా వాడేవాళ్ళకి ఆ సంగతి గుర్తుండదు. నువ్వు అవిశ్వాసివి కావు. నాలుగేళ్ళుగా ఆ ఇంటిని మోస్తున్నదానివి.

కానీ మీ ఆయన గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. ఆయన బద్ధకస్తుడని నాకు అనిపించలేదు. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది, 2023 జూన్‌లో మళ్ళీ రాస్తే దాన్ని హైకోర్టు రద్దు చేసింది, 2024లో 563 పోస్టులకి కొత్త నోటిఫికేషన్ ఇచ్చి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. గ్రూప్-2 అయితే 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చి, వాయిదాల మీద వాయిదాలు పడి, 2024 డిసెంబరులో జరిగింది. ఇన్నిసార్లు కాళ్ళ కిందనుంచి నేల జారిపోతే మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి, ఆయనకి ఆ కార్డు దొరికింది. దాన్ని చేతిలోంచి లాగేయాలని చూడకు, అది ఏ ఉత్తరంలోంచి వచ్చిన వాక్యమో ఇద్దరూ కలిసి చదవండి.

యిర్మీయా 29వ అధ్యాయం బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. కార్డు మీది "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనే మాటకి ఒక్క వచనం ముందు డెబ్బై సంవత్సరాలు అని ఉంది. ఇంకా పైన, 5, 6 వచనాల్లో, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లల్ని కనండి అని ఉంది. అంటే ఆగమన్న దేవుడే ఆ ఆగే రోజుల్లో బతుకు ఆపొద్దన్నాడు. దానికి ముందున్న 28వ అధ్యాయం కూడా తప్పకుండా చదవండి. అక్కడ హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా అయిపోతుందని దేవుని పేరుతో చెప్పాడు. వినడానికి ఎంతో బాగుంది, కానీ అది దేవుడు పంపిన మాట కాదు. మీ అయ్యగారు హనన్యా అని నేననను, ఆయన ప్రేమతోనే చెప్పి ఉండొచ్చు. కానీ ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయొద్దన్న అపొస్తలుడు పౌలే వెంటనే "సమస్తమును పరీక్షించి" అన్నాడు. పరీక్షించడం తిరుగుబాటు కాదు.

దేవుడికి గడువు పెట్టడం వేరు, మనకి మనం గడువు పెట్టుకోవడం వేరు. మీ ఇంట్లో ఈ రెండూ కలిసిపోయాయి, నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. బైబిల్లో, పరాయి దేశంలో రాజు కొలువులో ఉన్న యూదుడు నెహెమ్యాని చూడు. యెరూషలేము గోడ కూలి ఉందని విని ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు, కిస్లేవు నెల నుంచి నీసాను దాకా దాదాపు నాలుగు నెలలు ఆగాడు. ఆ నాలుగు నెలలూ రాజుకి గిన్నె అందించే ఉద్యోగం మానేసినట్టు ఎక్కడా లేదు. రాజు, ఎన్నాళ్ళు పడుతుంది, ఎప్పుడు తిరిగొస్తావు అని అడిగితే 'దేవునికే తెలుసు' అనలేదు, ఇంతకాలం అని చెప్పాడు. దారికి ఉత్తరాలు అడిగాడు, ద్వారాలకి మానులు అడిగాడు. ఇంత ప్రార్థనాపరుడు అంత లెక్కగా మాట్లాడాడు.

కాబట్టి మీ ఆయన్ని 'దేవుడా ఉద్యోగమా' అని అడగకు, గొడవే మిగులుతుంది. 'ఎప్పటిదాకా?' అని అడుగు. ఫీజు కట్టాల్సిన రోజు వద్దు, అత్తయ్య ఎదుట వద్దు, బాబు పడుకున్నాక, ఇద్దరే. నెల ఖర్చు కాగితం మీద రాసి ముందు పెట్టు. 'మీరు చదవొద్దని నేననను, ఇంకా ఎన్ని నెలలో మీరే చెప్పండి, అప్పటికి రాకపోతే ఏం చేద్దామో కూడా మీరే చెప్పండి' అను. తేదీ ఆయన నోటినుంచి రావాలి, నువ్వు పెడితే అది నీ తేదీ అవుతుంది. ఎందుకు అవసరమంటే, ఈ పరీక్షలకి గరిష్ఠ వయసుని 2024లో 46కి పెంచారు, అలాంటి సడలింపులు వస్తున్నంతకాలం ఆయన్ని ఎవరూ ఆపరు. ఆ గడువు లోపల కూడా రూమ్ అక్కర్లేదు, ఇంటి నుంచే చదవొచ్చు. ఇన్నేళ్ళు పాలిటీ, ఎకానమీ చదివిన మనిషి పూటకి రెండు గంటలు పిల్లలకి చెప్పినా ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. పౌలు కొరింథులో డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పాడు, ఆయన పిలుపు దానివల్ల తగ్గలేదు.

తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడు అనే వచనం ఉంది, నీకూ తెలిసే ఉంటుంది. దయచేసి అది ఆయన మీద విసరకు. వాక్యం నిజమే, కానీ కోపంలో ఉన్నప్పుడు అది రాయిలా తగులుతుంది.

అత్తయ్యతో నువ్వు వాదించొద్దు, కొడుకే చెప్పుకోవాలి. అయ్యగారి దగ్గరికి మాత్రం ఇద్దరూ వెళ్ళండి, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అందరి ముందు కాదు, విడిగా. తాకట్టు రసీదుతో సహా ఇంటి పరిస్థితి చెప్పండి. మంచి కాపరి అయితే అది విన్నాక ఆయనే మీ ఆయనతో మాట్లాడతారు.

మా తమ్ముడు ఐదేళ్ళు బ్యాంకు పరీక్షలు రాశాడు. ఆపేస్తున్నానని చెప్పిన రాత్రి ఇంట్లో ఎవరికీ నోరు పెగల్లేదు, నాన్న మాత్రం పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టారు. వాడు ఇప్పటికీ ఆ అన్నం గురించే చెప్తాడు. మీ ఆయన ఆపాల్సి వస్తే ఆ రోజు ఆయనకి ఓడిపోయావని ఎవరూ అనని ఇల్లు కావాలి. ఈలోగా ఆయన నిద్రపోకుండా, ఎవరితో మాట్లాడకుండా, బతుకు వద్దన్నట్టు మాట్లాడితే మాత్రం ఆలస్యం చేయకు, 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేసుకుంటూనే డాక్టర్ దగ్గరికీ వెళ్ళొచ్చు.

గాజుల రసీదు మీద రెన్యువల్ తేదీ ఒకసారి చూడు. ఈ మాటలు దానికి ముందే జరగనివ్వు. ఆయన ఏ నెల చెప్పారో నాకు రాయి చెల్లీ, నేనూ ఆ నెల రాసి పెట్టుకుని మీ ఇద్దరి కోసం ప్రార్థన చేస్తాను.