పైఫ్లాట్ బాత్‌రూమ్ లీకేజీ: బాధ్యత ఎవరిది?

ప్రశ్న: కూకట్‌పల్లిలో పన్నెండేళ్ల నాటి అపార్ట్‌మెంట్‌లో మాకు ఫ్లాట్ ఉంది. పైఫ్లాట్ బాత్‌రూమ్ కింద మా సీలింగ్ చెమ్మెక్కి పెచ్చులూడుతోంది. ఆ ఓనరు అమెరికాలో ఉంటారు. అద్దెకున్నవాళ్లు తమకు సంబంధం లేదంటారు. అసోసియేషన్ 'మీలో మీరే తేల్చుకోండి' అంటోంది. ఇలా రెండేళ్లయింది. కేసు వేసే గడువు దాటిపోయిందా?
- ఒక పాఠకురాలు

జవాబు: గడువు గురించి టెన్షన్ వద్దమ్మా. లీకు ఇంకా సాగుతోంది. లిమిటేషన్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నష్టం కొనసాగినంత కాలం గడువు కొత్తగా మొదలవుతూనే ఉంటుంది.

ముందు తేలాల్సింది నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది. అది తేలకుండా కోర్టుకెళితే 'కామన్ పైపుదేమో' అన్న ఒక్క మాటతో ఎదుటివాళ్లు కేసును ఏళ్ల తరబడి సాగదీస్తారు. చెమ్మ రాత్రీ పగలూ ఒకేలా ఉంటే అనుమానం నీళ్ల పైపు మీద. పైవాళ్ల స్నానాలయ్యాకే బొట్లు పడుతుంటే గచ్చు మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్‌నో, టైల్స్ సందులనో చూడాలి. ప్లంబర్‌తో ట్రాప్ మూయించి, రంగు కలిపిన నీళ్లు గచ్చు మీద ఒక రోజు నిలబెట్టించండి. ఆ రంగు మీ సీలింగ్‌లో దిగితే లీకు గచ్చుదే. దిగకపోతే ట్రాప్ తెరిచి చూడమనండి. ఇదంతా సెక్రటరీ ఎదుట జరగాలి. వీడియో తీసి, ప్లంబర్ చేత రాయించుకోండి.

లీకు ఫ్లాట్ లోపలిదైతే బాధ్యత ఓనరుదే, ఏ దేశంలో ఉన్నా సరే. అన్ని ఫ్లాట్ల పైపులు దిగే సందు(డక్ట్)లోని కామన్ పైపుదైతే అసోసియేషన్‌ది. కోపం కొద్దీ మెయింటెనెన్స్ ఆపడం, పైవాళ్ల నీళ్లు కట్టేయించడం చేయకండి. తప్పు మీ మీదికొస్తుంది.

లాయర్ నోటీసు ఆ ఫ్లాట్ అడ్రసుకు స్పీడ్ పోస్టులో, ఓనరు ఈమెయిల్‌కు, ఇక్కడ అద్దె వసూలు చేసేవారికి కూడా పంపండి. కదలకపోతే దావా కన్నా ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. కోర్టు ఫీజుండదు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం.

కుదరకపోతే సివిల్ కోర్టులో రిపేరు చేయించాలని ఆదేశం (మాండేటరీ ఇంజంక్షన్), దాంతోపాటు నష్టపరిహారం అడగండి. పైఫ్లాట్ లోపలికి వెళ్లి చూసి రిపోర్టివ్వడానికి అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని అప్పుడే పిటిషన్ పెట్టండి. ఆయన వచ్చేదాకా సీలింగ్‌కు పెయింట్ వేయించకండి. ఊడిపడేలా ఉన్న పెచ్చుల్ని మాత్రం ఫొటో తీసి వెంటనే రాల్చేయించండి.