ముందు ఇటుకలు పెట్టి చూడండి, వెల్డింగ్ సంగతి తర్వాత

ప్రశ్న: సార్ నమస్తే. మాకు చింతపల్లి దగ్గర కాఫీ తోట ఉంది, తోటకి వెళ్ళిరావడానికి పాత మారుతి జిప్సీ వాడుతున్నాం, హార్డ్ టాప్ ది. మా అమ్మకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, బండి ఎక్కాలంటే నేను వెనక నుంచి ఎత్తాల్సి వస్తోంది, అందుకే ఈమధ్య తోటకి రానంటోంది. సైడ్ స్టెప్పులు కొందామంటే మా బండికి సరిపోయేవి దొరకట్లేదు. మా బావమరిదికి వెల్డింగ్ మిషను ఉంది, ఇంట్లోనే చేసేద్దాం అంటున్నాడు, జీఐ పైపు కూడా కొంచెం మిగిలి ఉంది. ఛాసిస్ కి డైరెక్ట్ గా వెల్డ్ చేసేయొచ్చా? రోడ్డు చాలా గుంతలు, రాళ్ళు సార్.
- నర్సీపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: చేసుకోవచ్చు తమ్ముడూ, మంచి పని కూడా. జిప్సీ 1985లో వచ్చి 2019లో ఆగిపోయిన బండి, దానికి సరిపోయే సామాను కోసం తిరిగే కంటే చేసుకోవడమే నయం. కానీ ఛాసిస్ కి వెల్డింగ్ మాత్రం వద్దు, జీఐ పైపు అసలే వద్దు, ఎందుకో చెప్తా.

దానికంటే ముందు ఒక పని చేయండి. బండిని చదును నేల మీద ఆపి అమ్మగారిని తలుపు దగ్గర నిలబెట్టండి, ఒక ఇటుక పడుకోబెట్టండి, అది మూడు అంగుళాలు. ఆవిడని ఎక్కమనండి, తర్వాత రెండు ఇటుకలు, తర్వాత మూడు. ఇటుకలు కదలకుండా గట్టిగా పేర్చండి, మీరు పక్కనే ఉండండి. ఏ ఎత్తు దగ్గర ఆవిడ చెయ్యి తనంతట తానే తలుపు ఫ్రేముని వెతుక్కుంటుందో చూడండి, అక్కడే మోకాలు కష్టపడటం మొదలైనట్టు. దానికి ఒక ఇటుక తక్కువే ఆవిడ మెట్టు ఎత్తు. చాలామంది స్టెప్పు చేయించాక మనిషిని ఎక్కించి చూస్తారు, అప్పటికి పైపు కోసేసి ఉంటారు, ఇక ఆ ఎత్తుకే సర్దుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఆవిడ మోకాలికి మెట్టు కిందికి కావాలి, మీ రోడ్డుకి మెట్టు పైకి ఉండాలి. జిప్సీ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2375 ఎం.ఎం., స్టెప్పు సరిగ్గా ఆ మధ్యలో వేలాడుతుంది, గట్టు దాటేటప్పుడు మొదట తగిలేది అదే. స్టెప్పుని రెండు అంగుళాలు కిందికి దించితే బండి పొట్ట తగలకుండా దాటగలిగే కోణం సుమారు ఐదు డిగ్రీలు తగ్గిపోతుంది. అందుకని నా సలహా ఏంటంటే ఫిక్స్ డ్ స్టెప్పుని ఎత్తులోనే పెట్టండి, ఛాసిస్ కింది అంచు కంటే కిందికి రానివ్వకండి, అమ్మగారి కోసం దానికి ఇంకో చిన్న మెట్టు తగిలించేలా విడిగా చేయండి. స్టెప్పు రెండు పైపుల మధ్యలో 40 బై 40 ఎం.ఎం. చదరపు ట్యూబు ముక్కలు రెండు నిలువుగా వెల్డ్ చేసి, వాటిలోకి దూరే కాళ్ళతో, ఇటుకలతో తేలిన ఎత్తులో మెట్టు, పక్కన ఒక పిన్ను. గొలుసుతో వేలాడదీసే మెట్టు వద్దు, అది ఊగుతుంది, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఊగే మెట్టంటే భయం, ఒకసారి భయపడితే మళ్ళీ కాలు పెట్టరు. ఆవిడ ఎక్కాక పిన్ను తీసి మెట్టు లోపల పడేసి బయల్దేరడమే.

ఇక సామాను. జీఐ పైపు వెల్డ్ చేస్తే పైనున్న జింకు కాలి తెల్లటి పొగ వస్తుంది, అది పీలిస్తే ఆ రాత్రికి చలి జ్వరం వచ్చినట్టు ఒళ్ళంతా నొప్పులు. వెల్డింగు కూడా బుడగలు బుడగలుగా వస్తుంది. ఇనుప కొట్లో మామూలు నల్ల పైపు, బి క్లాస్ అని అడగండి, స్టెప్పు బయటి అంచుకి ఒకటిన్నర అంగుళం పైపు, బండి వైపు అంచుకి ఒక అంగుళం పైపు చాలు. ఒకటిన్నర అంగుళం పైపు గోడ 3.2 ఎం.ఎం. ఉంటుంది, మీటరుకి మూడున్నర కిలోలు తూగుతుంది. రెండు చక్రాల మధ్య మొత్తం పొడుగు అక్కర్లేదు, మీది రెండు తలుపుల బండి కాబట్టి తలుపు కింద మూడడుగులు చాలు, ఒక్కో వైపు పది కిలోల చుట్టూ వస్తుంది. పైన డైమండ్ రేకు వేయకండి, మీ ఏజెన్సీ మట్టి దాని గాడుల్లో నిండితే సబ్బులా జారుతుంది. జాలీ రేకు వేయండి, మట్టి కింద రాలిపోతుంది, చెప్పుకి పట్టు ఉంటుంది. వెడల్పు ఆరంగుళాలు ఉంటే పాదం సగానికి పైగా ఆనుతుంది.

స్టెప్పుని ఛాసిస్ కి పట్టి ఉంచే బ్రాకెట్లకి 6 ఎం.ఎం. ఫ్లాటు (ఇనుప పట్టీ), కింద మూలలో త్రికోణపు ముక్క తప్పనిసరి, అది లేకపోతే రెండు నెలల్లో కిందికి వంగుతుంది. బ్రాకెట్లు ఒక వైపు రెండు. ఎక్కడ బిగించాలన్నది ఇంకా ముఖ్యం. జిప్సీ బాడీ రబ్బరు బుష్షుల మీద ఛాసిస్ పైన కూర్చుని ఉంటుంది, గుంతల్లో రెండూ వేరువేరుగా కదులుతాయి, కాబట్టి స్టెప్పు ఒక కొస ఛాసిస్ కీ ఇంకో కొస బాడీ అంచుకీ బిగిస్తే ఏదో ఒకటి చిరుగుతుంది, ఎక్కువసార్లు బాడీ రేకే. మొత్తం ఛాసిస్ కే బిగించండి.

ఛాసిస్ కి వెల్డింగ్ ఎందుకు వద్దంటున్నానంటే నాకు తగిలిన దెబ్బ అది. చాలా ఏళ్ళ క్రితం నా పాత జీపుకి ఒక షాపులో బ్రాకెట్టుని ఛాసిస్ కింది అంచుకి వెల్డ్ చేసి ఇచ్చారు, చూడ్డానికి భలే గట్టిగా ఉండేది. ఏడాది తిరక్కుండానే వెల్డింగ్ పక్కన పెయింటు మీద వెంట్రుక లాంటి గీత కనిపించింది, వేలితో రాస్తే తుప్పు పొడి అంటింది. గ్రైండ్ చేసి చూస్తే ఛాసిస్ అంగుళం మేర చీలి ఉంది. ఛాసిస్ పై అంచూ కింది అంచూ బరువంతా మోసే చోట్లు, అక్కడ వేడి చేసినా బెజ్జం పెట్టినా బలహీనమే. పక్క గోడ మధ్యలో అయితే లోడు తక్కువ, అక్కడ బోల్టు వేయాలి. ముందే ఉన్న బెజ్జాలు సరిపోతే ఇంకా మంచిది.

బోల్టులు ఎం10, తల మీద 8.8 అని గట్టిదనం గుర్తు ఉండాలి, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉన్నవి, తేలిగ్గా వదులవ్వవు). 90 కిలోల మనిషి గెంతి ఎక్కినా ఆ బోల్టు తెగదు, తెగేది దాని చుట్టూ ఉన్న రేకు, అందుకే లోపలి వైపు 6 ఎం.ఎం. ప్లేటు పెట్టి దాని మీద నట్టు బిగించాలి. ఛాసిస్ పెట్టె లాగా రెండు గోడలతో ఉన్న చోట బోల్టు ఆరపార వేస్తే మధ్యలో పైపు ముక్క దూర్చండి, లేకపోతే బిగించేకొద్దీ గోడలు లోపలికి నొక్కుకుపోయి బోల్టు ఎప్పుడూ లూజే. డ్రిల్లు పెట్టేముందు లోపలి వైపు చేత్తో తడిమి చూడండి, బ్రేకు పైపు, పెట్రోలు పైపు, వైర్లు అటు వెంటే పోతుంటాయి. సైలెన్సర్ పైపుకి కనీసం రెండంగుళాలు గ్యాపు ఉంచండి.

మీ బావమరిదికి ఒక మాట చెప్పండి, స్టెప్పంతా బండి నుంచి విడిగా వెల్డ్ చేయాలి. ముందు బ్రాకెట్లు బండికి బిగించి, పైపుల కొలత చూసుకుని టాకాలు (అక్కడక్కడ చుక్కల్లా చిన్న వెల్డింగులు) మాత్రం కొట్టి, విప్పి కింద పెట్టి పూర్తి చేయాలి. టాకాలు బండి మీదే కొట్టాల్సి వస్తే బ్యాటరీ టెర్మినల్స్ తీసి, ఎర్త్ క్లాంపు ఆ పైపుకే పెట్టాలి, మీది ఎంపీఎఫ్ఐ (పెట్రోలుని కంప్యూటరు వదిలే రకం) బండి అయితే దాని కంప్యూటరు పోతే మళ్ళీ దొరకడం కష్టం. రాడ్లు తడిసినవి వాడొద్దు. పైపు కొసలు మూసేయండి, కింద ఒక చిన్న బెజ్జం వదలండి, లేకపోతే లోపల చేరిన నీరు బయటికి పోదు. స్లాగ్ (వెల్డింగు మీద పేరుకునే పెచ్చు) అంతా కొట్టేసి రెడాక్సైడ్ రెండు కోట్లు, ఆపైన పెయింటు.

ఇంకోటి, మెట్టు సగం పనే. చేతికి పట్టు లేకపోతే ఆవిడ స్టీరింగో సీటో పట్టుకుని లాగుతారు. ఎక్కే వైపు పిల్లరుకి లోపల గట్టి హ్యాండిల్ వేయించండి. అది కూడా ఇటుకల మీద నిలబెట్టే చూడండి, చెయ్యి భుజం కంటే పైకి లేపకుండా అందాలి.

ప్రశ్న: నా థార్ కి వేసిన పైపు స్టెప్పు మీద జాకీ పెట్టి టైరు మార్చొచ్చా? చూడ్డానికి చాలా లావుగా ఉంది.
- కరీంనగర్ నుంచి

జవాబు: వద్దు. మనిషి బరువుకి చేసిన స్టెప్పు వేరు, రాళ్ళ మీద బండి బరువు మోయడానికి చేసే రాక్ స్లైడర్ వేరు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, పడుకుని కింద చూస్తే తేడా తెలుస్తుంది, స్లైడర్ కి ఛాసిస్ దాకా దగ్గర దగ్గరగా లావు కాళ్ళు ఉంటాయి. మీకు కంపెనీ ఇచ్చిన పుస్తకంలో జాకీ చోటు బొమ్మ వేసి ఉంటుంది, అక్కడే పెట్టండి.

ప్రశ్న: స్టెప్పులు వేస్తే ఆర్టీవో వాళ్ళు పట్టుకుంటారా? 5000 ఫైన్ అంటున్నారు.
- ఖమ్మం నుంచి

జవాబు: ఆ అంకె మోటారు వాహనాల చట్టం 2019 సవరణలోది, 182ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000, జైలు కూడా పడొచ్చు. 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. ముందు వైపు వేసే బుల్ బార్ల మీద 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది, వాటి జోలికి పోకండి. స్టెప్పు విషయంలో నేను చెప్పేది, టైర్ల అంచు దాటి బయటికి రాకూడదు, పదునైన కొసలు ఉండకూడదు, అంతా బోల్టులతో విప్పేలా ఉండాలి. పక్క నుంచి పోయే బైకు వాడి కాలికి తగిలేలా ఉంటే ఫైన్ పడ్డా పడకపోయినా అది తప్పే. పని మొదలు పెట్టకముందే ఒక కొలతల కాగితం తీసుకుని మీ ఆర్టీవో ఆఫీసులో అడగండి.

నర్సీపట్నం తమ్ముడికి ఒకటి మర్చిపోయా. బిగించాక ప్రతి నట్టు మీద నుంచి బ్రాకెట్ మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. ఒక రెండొందల కిలోమీటర్లు, లంబసింగి ఘాటు రెండుసార్లు దిగి ఎక్కాక, కింద పడుకుని ఆ గీతలు చూడండి, ఎక్కడైనా గీత విరిగినట్టు పక్కకి జరిగి ఉంటే ఆ నట్టు తిరిగినట్టే. అది చూసి మళ్ళీ బిగించాకే అమ్మగారిని ఎక్కించండి.