మూత్రంలో ఎన్‌ఏజీ ఎక్కువొస్తే కిడ్నీ పోయినట్టేనా?

హన్మకొండ నుంచి ఒక తమ్ముడు అడిగిండు: "మా వదినకు గర్భం 31వ వారం. బీపీ 146/94. మూత్రంలో ఎన్‌ఏజీ ఎక్కువుందన్నరు. కిడ్నీ పోయినట్టేనా?"

కాదు తమ్ముడూ. ఎన్‌ఏజీ కిడ్నీలోని సన్న గొట్టాల కణాల్లో ఉండే ఎంజైము. దాని అణువు పెద్దది, రక్తంలోంచి వడపోత దాటి రాలేదు. కాబట్టి మూత్రంలో పెరిగిందంటే ఆ కణాలకు దెబ్బ తగులుతున్నదని అనుమానించాలి. అయితే మామూలు గర్భంలోనూ అది కొంత పెరుగుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నా పెరుగుతుంది. అంకెను క్రియాటినిన్‌తో (కండరాల నుంచి వచ్చి మూత్రంలో పోయే వ్యర్థం) కలిపి చూడాలి, లేదంటే నీళ్లు ఎక్కువ తాగిన రోజు తక్కువగా కనబడుతుంది. జీజీటీ (ఆ కణాల్లోదే మరో ఎంజైము) కూడా రాసి ఉంటే ఒకటి గుర్తుంచుకోండి: మూత్రం నమూనాను ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే దాని పని తగ్గిపోతుంది, తక్కువొచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు.

డాక్టర్లు నిర్ణయం తీసుకునేది వీటి మీద కాదు. బీపీతో వచ్చే దెబ్బ మొదట పడేది వడపోత దగ్గర. అక్కడి సన్న రక్తనాళాల లోపలి పొర ఉబ్బి, ప్రోటీన్ కారుతుంది. 24 గంటల మూత్రంలో 300 మిల్లీగ్రాములు, లేదా ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి 0.3 దాటితే లెక్కలోకి వస్తుంది. రక్తంలో క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, లివర్ పరీక్ష తప్పక చేయించండి. గర్భిణికి క్రియాటినిన్ మామూలుగా 0.8 లోపే ఉంటుంది. అందుకే 1.1 దాటితే, మనకు చిన్నగా కనబడినా, ప్రమాదమే.

24 గంటల మూత్రం పట్టడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతయి. పొద్దున 6కు మొదటిసారి పోసింది పారబోయాలి, టైం రాసుకోవాలి. అక్కడి నుంచి ప్రతి చుక్కా డబ్బాలోకే, దొడ్డికి పోయినప్పుడు వచ్చింది కూడా. మర్నాడు 6కు పోసినదాన్ని కూడా డబ్బాలో కలిపి ముగించాలి. ఒక్కసారిది బయట పారిపోయినా లెక్క తప్పుతుంది, అప్పుడు మళ్లీ మొదటి నుంచే. తెల్లబట్ట అవుతుంటే ముందు కడుక్కోవాలి, లేదంటే లేని ప్రోటీన్ కనబడుతుంది. మన ఎండల్లో డబ్బాను ఫ్రిజ్‌లోనో ఐస్‌పెట్టెలోనో పెట్టండి.

బీపీని 5 నిమిషాలు కూర్చోబెట్టి, 4 గంటల తేడాతో రెండుసార్లు చూడాలి. 160/110 వచ్చినా, తగ్గని తలనొప్పి, కళ్లు మసక, కుడి డొక్క పైన నొప్పి, మూత్రం బాగా తగ్గడం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనబడినా రిపోర్టు కోసం ఆగకుండా 108కు ఫోన్ చేయండి. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా ఇవ్వొద్దు.

కాన్పైన 12 వారాలకు బీపీ, మూత్రంలో ప్రోటీన్ మళ్లీ చూపించండి. అప్పటికీ తగ్గకుంటే గర్భానికి ముందే కిడ్నీ జబ్బు ఉందేమో వెతకాలి.