మూడు రూపాయల వడ్డీకి మేనేజ్‌మెంట్ సీటా?

ప్రశ్న: మాది గాజువాక. మా ఆయన కాంట్రాక్టు ఫిట్టర్, జీతం 18 వేలు. నేను బ్లౌజులు కుట్టి నెలకు 6 వేలు తెస్తాను. అబ్బాయికి కన్వీనర్ కోటాలో మెకానికల్ వచ్చింది, వాడేమో సీఎస్‌ఈనే అంటున్నాడు. మేనేజ్‌మెంట్ సీటుకు మూడున్నర లక్షలు కట్టాలట. దాచుకున్నవి 50 వేలున్నాయి. మిగతా 3 లక్షలు తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. మా బతుకు వాడికి రాకూడదు. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. నెలకు 9 వేలు వడ్డీకే పోతుంది, అసలు పైసా తగ్గదు. నాలుగేళ్లకు 4,32,000 కట్టాక కూడా 3 లక్షల బాకీ అలాగే ఉంటుంది. నోటు రాసిన రోజే మొదటి నెల వడ్డీ పట్టుకుని 2,91,000 చేతిలో పెట్టేవాళ్లే ఎక్కువ. రెవెన్యూ స్టాంపు మీద సంతకం మాత్రం 3 లక్షలకు! తెలిసినాయన అయినంత మాత్రాన ఏడాదికి 36 శాతం వడ్డీ తగ్గిపోదు. రెండో ఏడాది ఫీజు ఎక్కడి నుంచి తెస్తారో మీ ఉత్తరంలో లేనే లేదు.

నాకు అంతకన్నా భయం వేసింది ఆ 50 వేల గురించి. అట్టడుగు ఆదాయం ఉన్న ఇంట్లో పిల్లలు సగటు ఆదాయం అందుకోవడానికి మన దేశంలో ఏడు తరాలు పట్టొచ్చని 2018లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సంస్థ లెక్కగట్టింది. చదువు అందక ఆగిపోయేవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ ఒక మెట్టెక్కి, చేతిలో మూడు నెలల ఖర్చు లేక జారిపోయేవాళ్లనే నేను ఎక్కువగా చూస్తున్నాను. మల్కాపురం నుంచి ఒక పెయింటర్ వచ్చాడు. నిచ్చెన మీంచి పడి కాలు విరిగింది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోయింది, మరి అద్దె, బియ్యం? డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న కూతురు చదువు మానేసి జగదాంబ దగ్గర బట్టల షాపులో చేరింది. అప్పుడు ఇంట్లో ఓ 40 వేలు ఉంటే ఆ పిల్ల ఇవాళ ఫైనలియర్.

కాబట్టి ఆ 50 వేలు ముట్టుకోవద్దు. మీ ఖర్చు 20 వేలనుకుంటే ఇంకో 10 వేలు చేర్చి 60 వేలు చేయండి. వేరే అకౌంట్లో వేసి, కార్డు బీరువాలో పెట్టండి. చిట్టీలో మాత్రం వద్దు, అవసరానికి పాట మీకే దక్కుతుందన్న నమ్మకం లేదు. 18 వేల జీతమంటే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పరిధిలోదే, పే స్లిప్‌లో కోత ఉందో లేదో ఈ నెలే చూడండి. ఉంటే, అర్హత మేరకు, జబ్బు పడిన రోజులకు ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం వస్తుంది. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా కూడా ఇద్దరి పేరునా కట్టేయండి.

చదువు సంగతంటారా, మెకానికల్ తీసుకోమనండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీటుకే, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. కోడింగ్ మెకానికల్ చదువుతూ కూడా నేర్చుకోవచ్చు, వాడికి నిజంగా ఆసక్తి ఉంటే. అప్పటికీ డబ్బు చాలకపోతే బ్యాంకు విద్యారుణం ఉంది, 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు.

నోటు మీద ఇంకా సంతకం పెట్టలేదనే అనుకుంటున్నాను. కన్వీనర్ సీటుకు రిపోర్టింగ్ గడువు ఎప్పటిదాకా ఉందో ముందు అది చూసుకోండి.